హెచ్.ఐ.వి. పరీక్ష – సమ్మతి, సలహా, గోప్యత: చట్టం ఏమి చెబుతున్నది?

హెచ్.ఐ.వి. పరీక్ష చేయడానికి ముందు ఆ వ్యక్తి సమ్మతి పొందవలెనని ‘హెచ్.ఐ.వి., ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం, 2017’ నిర్దేశిస్తున్నది. ఈ చట్టానికి 2017 ఏప్రిల్ 20న రాష్ట్రపతి ఆమోదం లభించగా, 2018 సెప్టెంబరు 10న అది అమలులోకి వచ్చినది. ఇది కేంద్ర చట్టం. కనుక కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోను, యానాంలోను ఒకే విధంగా వర్తిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రులు, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ దీని పరిధిలోనివే.

తెలిసిన భాషలో సమ్మతి

కాగితంపై సంతకమో, వేలిముద్రో తీసుకున్నంత మాత్రాన అది సమ్మతి కాదు. ఒత్తిడి గాని, మోసం గాని లేకుండా, పరీక్ష వలన కలిగే మేలు, ఇబ్బందులు, ఇతర మార్గాలు తెలిపిన పిమ్మట ఇచ్చినదే సమ్మతి. ఆ వివరాలను సదరు వ్యక్తికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రీతిలో చెప్పవలెనని చట్టంలోని నిర్వచనమే పేర్కొన్నది. సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలకు ఈ మాట ఎంతో ముఖ్యం. బళ్లారి, హోసూరు, రాయగడ, సిరొంచ వంటి పట్టణాల ఆసుపత్రులలో పత్రం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉండవచ్చు. అది చదవలేనివారు సంతకానికి ముందు తెలుగులో వివరించమని అడగవచ్చు. అయితే తోడు వచ్చిన బంధువు చేత చెప్పించుకుంటే రహస్యం వారికీ తెలిసిపోతుంది. కనుక తెలుగు తెలిసిన ఆసుపత్రి సిబ్బందిని కోరడం మేలు.

పరీక్షకు ముందు, తరువాత

పరీక్షకు ముందు, తరువాత కూడా కౌన్సెలింగ్ ఇవ్వడం సమ్మతిలో భాగమే. వైరస్ సోకిన తొలి వారాలలో అది పరీక్షలో బయటపడకపోవచ్చు. అటువంటప్పుడు మరల పరీక్ష చేయించుకొనవలసి ఉంటుంది. ఒక్క పరీక్షతో వ్యాధిని నిర్ధారించరు. వేర్వేరు పద్ధతులలో మూడు పరీక్షలు జరిపిన పిమ్మటనే నిర్ధారణ చేస్తారు. ప్రభుత్వ సలహా, పరీక్షా కేంద్రాలలో ఈ సేవ ఉచితం. ఏ.ఆర్.టి. మందులను 2004 నుండి ప్రభుత్వ కేంద్రాలలో ఉచితంగా ఇస్తున్నారు.

సమ్మతి అవసరం లేని సందర్భాలు

న్యాయస్థానం ఉత్తర్వు ఇచ్చినప్పుడు, లైసెన్సు గల రక్తనిధి రక్తాన్ని పరిశీలించేటప్పుడు, చికిత్స లేదా వైద్య పరిశోధన కొరకు అవయవాలు, కణజాలం, రక్తం వంటివి సేకరించేటప్పుడు, వ్యక్తి ఎవరో తెలియని విధంగా వ్యాధి వ్యాప్తిపై సర్వే జరిపేటప్పుడు మాత్రమే సమ్మతి అవసరం లేదు. ఉద్యోగం, చదువు, వైద్యం పొందడానికి హెచ్.ఐ.వి. పరీక్షను షరతుగా పెట్టరాదు. శస్త్రచికిత్సకు వచ్చినవారికీ, గర్భిణులకూ ఇదే నియమం వర్తిస్తుంది.

గోప్యత

ఒకరి హెచ్.ఐ.వి. స్థితిని ఆసుపత్రివారు ఆ వ్యక్తి లిఖిత సమ్మతి లేకుండా ఇతరులకు వెల్లడించరాదు. చికిత్సలో పాల్గొనే వైద్య సిబ్బందికి తెలపడం, న్యాయస్థానం ఉత్తర్వు వంటి మినహాయింపులు కొన్ని ఉన్నవి. జీవిత భాగస్వామికి తెలిపే అధికారం వైద్యునికి, కౌన్సెలర్‌కు మాత్రమే ఉన్నది. అదీ భాగస్వామికి ముప్పు ఉండి, స్వయంగా తెలుపమని సలహా ఇచ్చినా ఆ వ్యక్తి తెలుపనప్పుడు, ముందుగా ఆ వ్యక్తికి చెప్పిన పిమ్మటనే. దాని వలన హింసకో, ఇంటి నుండి గెంటివేతకో గురికావచ్చునన్న భయం ఉంటే, ముఖ్యంగా స్త్రీల విషయంలో, తెలుపరాదు.

ఫిర్యాదు

ఇరవై మంది లేక అంతకు మించి ఉన్న ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండవలెను. వైద్యసేవలలో వివక్ష జరిగితే, ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నదో ఆ రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఆయన 30 రోజులలో ఉత్తర్వు ఇవ్వవలెను. అత్యవసర వైద్యం అవసరమైన సందర్భంలో 24 గంటలలోపు ఇవ్వడం మేలని చట్టం సూచిస్తున్నది. ఆ ఉత్తర్వును పాటించనివారికి రూ.10,000 వరకు, ఇంకా పాటించకుండా ఉంటే రోజుకు రూ.5,000 వరకు జరిమానా పడవచ్చు. సందేహాలకు జాతీయ ఎయిడ్స్ సహాయవాణి 1097కు ఉచితంగా ఫోను చేయవచ్చు.