అరుగు, దడి, పందిరి



ఇంటి చరిత్ర అనగానే ఎవరు కట్టించారు, ఎన్ని గదులు, ఎంత ఖర్చయింది అన్నవే మనం చెప్పుకుంటాం. ఇంటి బయట వుండే మూడు వస్తువుల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. వీధివైపు అరుగు, పక్కింటికీ మనకూ మధ్య దడి, పెరట్లో పందిరి. ఇవాళ ఆ మూడింటి గురించీ నాలుగు మాటలు చెబుతాను. ఎందుకంటే, కట్టింది మగవాళ్లే అయినా వీటిని ఏడాది పొడుగునా నిలబెట్టింది మాత్రం ఆడవాళ్లు. ఆ మాట చరిత్రలోకి ఎక్కలేదు.

మా గవర్నర్‌పేట సందుల్లో నడుస్తుంటే, మూడంతస్తుల దుకాణాల మధ్య ఎక్కడో ఒకచోట పాత పెంకుటిల్లు కనిపిస్తుంది. దాని అరుగు సగం రోడ్డులో కలిసిపోయి వుంటుంది. మిగిలిన సగం చుట్టూ ఇనపగ్రిల్లు, లోపల ఒక స్కూటరు. చూసినవాళ్లు “అయ్యో, ఆ రోజుల్లో అరుగులెంత బాగుండేవో!” అంటారు. బాగుండడానికి కారణమేమిటో, ఎవరి చెయ్యి పడితే బాగుండేవో కూడా తెలుసుకుంటే, మిగిలిన నాలుగింటినైనా సరిగ్గా చూసుకోగలుగుతాం.

ముందు అరుగు. ఇది కూర్చోడానికి పుట్టిందనుకుంటాం గాని, దాని అసలు పని గోడను కాపాడటం. మన డెల్టాలో చాలాచోట్ల నల్లమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పైగా కృష్ణ గాని బుడమేరు గాని పొంగితే నీళ్లు ఇళ్లమీదికి వస్తాయి. అందుకని మన పెద్దలు గుంట తవ్వి, ఆ మట్టితో స్థలం మెరక చేసుకుని, దానిమీద ఇల్లు లేపేవారు. చూరునుంచి పడే వాననీరు నేలమీద చింది, మట్టిగోడ మొదలును తొలిచేస్తుంది కదండీ. ఆ చిందు గోడకు తగలకుండా ముందుకు మూడు నాలుగడుగులు మట్టి కొట్టి, చుట్టూ రాయో ఇటుకో పేర్చి, దానిమీదికి చూరు దింపారు. అదే అరుగు. కూర్చోడమన్నది తరవాత వచ్చిన సుఖం.

ఈ మెరక సంగతి పాతకాలపు ముచ్చటేం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం పోయింది. ఇల్లు రోడ్డుకంటే ఎంత ఎత్తున వుండాలన్న ప్రశ్న అప్పుడు మళ్లీ అందరికీ గుర్తుకొచ్చింది. పాత వీధుల్లో ఇంకో చిత్రం చూడండి. రోడ్డు వేసినప్పుడల్లా పొరమీద పొర వేస్తారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరవలసిన అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానమై కూర్చుంది. అరుగు కుంగలేదు, వీధి పెరిగింది!

ఇంగ్లీషువాళ్లు అరుగును ‘పయాల్’ అని రాసుకున్నారు. అది వాళ్ల మాట కూడా కాదు, పోర్చుగీసు నుంచి వచ్చింది. పిల్లలకు అరుగుల మీద అక్షరాలు నేర్పే మన వీధిబడులను వాళ్లు ‘పయాల్ బడులు’ అన్నారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని మొత్తం మీద బడులెన్ని వున్నాయో లెక్క తీయమన్నాడు. 1826 నాటికి తేలిన లెక్క 12,498 బడులు, సుమారు 1,88,000 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు అయిదువేలు కూడా లేరు. అంటే అరుగు అలికింది తల్లి, దానిమీద ఇసుకలో ‘అ ఆ’లు దిద్దింది కొడుకు.

అరుగు అందరిదీ అని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాం. నిజంగా అందరిదేనా? దారిన పోయే బాటసారి కూర్చునేవాడు, పేకాట సాగేది, తగవులు తీరేవి, పురాణం చదివేవారు. నిజమే. కాని ఆ ఇంటి కోడలు పట్టపగలు అరుగుమీద కూర్చోగలిగేదా? తలుపు వారగా నిలబడి వినవలసిందే. పొలంలో చెమటోడ్చిన పాలేరు తన కులాన్నిబట్టి వీధిలో నిలబడే మాట్లాడవలసి వచ్చేది. అరుగు పోయిందని బాధపడేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. లేకపోతే అది చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది.

ఇక దాని పోషణ. పేడా ఎర్రమట్టీ కలిపి అలకడం, బీట కనిపిస్తే ఊక కలిపిన బంకమట్టితో పూడ్చడం, పండక్కి సున్నం కొట్టడం, అంచులకు జేగురు పట్టీలు దిద్దడం, ముగ్గు పెట్టడం. ముగ్గు అందానికేనంటాం గాని, అలికి ముగ్గుపెట్టే మనిషి రోజూ అరుగు నాలుగు మూలలా వంగి చూస్తుంది. ఎక్కడ చెద పుట్టిందో, ఎక్కడ ఎలుక బొరియ చేసిందో మొదట తెలిసేది ఆవిడకే. ఇంజనీరు ఏడాదికోసారి చేసే తనిఖీని ఆవిడ రోజూ చేసిందన్నమాట.

ఇల్లు మారిన తీరు కూడా కాస్త చెప్పాలి. మొదట్లో మన ప్రాంతపు కలప అంటే తాడిచెట్టే. తాటిదూలాలు, తాటివాసాలు, పైన తాటాకు. తాడిమానులో బయటి చేవే గట్టిది, లోపలంతా మెత్తన. అందుకే ముదురు చెట్టునే కొట్టి, చీల్చి, మెత్తన తీసేసి వాడేవారు. బెజవాడ దగ్గర కృష్ణమీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. దానితోపాటు కాలవలు వచ్చాయి. ఏలూరు కాలవ గోదావరి వైపు కలిపింది, దక్షిణాన కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసుదాకా పడవ దారి ఏర్పడింది. బరువైన సరుకు రావడం సులువైంది. 1888లో బెజవాడకు మునిసిపాలిటీ వచ్చింది. 1893లో కృష్ణమీద రైలువంతెన తెరిచారు. కొండకింద ఒదిగివున్న ఊరు తూర్పుకు పాకింది. కలిగినవాళ్లు టేకు స్తంభాలు నిలబెట్టుకున్నారు. కప్పుమీదికి గూనపెంకులకు బదులు బంగాళా పెంకులు వచ్చాయి. పేరు బంగాళా గాని పుట్టినచోటు మంగుళూరు. అక్కడ బాసెల్ మిషన్‌వారు 1865లో ఈ పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు.

టేకు స్తంభాన్ని మనవాళ్లు ఎన్నడూ నేలలో పాతలేదు. అరుగుమీద రాతిదిమ్మ వేసి, దానిమీద నిలబెట్టారు. చెక్కకు శత్రువు నీరు కాదండీ, నిలవనీరు. తడిసినా ఆరిపోతే చెక్క బతుకుతుంది. మన్నూ చెక్కా కలిసే చోట తడి ఆరదు, కుళ్లు అక్కడే మొదలవుతుంది, చెద అక్కడనుంచే ఎక్కుతుంది. ఈ ఒక్క సూత్రం తెలిసినందుకే ఆ స్తంభాలు అంతకాలం నిలిచాయి.

రెండోది దడి. ఇది పేదవాడి ప్రహరీ. రాటలు పాతి, అడ్డంగా వెదురుబద్దలు కట్టి, తాటాకో జమ్మో కందికంపో అల్లి, తాటినారతో బిగించేవారు. మేదరులు అల్లిన తడికలు కొని నిలబెట్టేవారూ వుండేవారు. రాట మొదలును పాతేముందు మంటలో పైపైన కాల్చేవారు, తరవాతి రోజుల్లో తారు పూసేవారు. వెదురును కొన్నాళ్లు నీళ్లలో నానవేసి ఆరబెట్టేవారు. అలా చేస్తే అందులోని పిండిపదార్థం కరిగిపోయి పురుగు తక్కువ పడుతుంది. కొందరు మునగకొమ్మలే రాటలుగా పాతేవారు. అవి చిగిర్చి ఆకూ కాయా కూడా ఇచ్చేవి. గోరింటను వరసగా వేస్తే అదే కంచె, అదే ఆషాఢంలో అరచేతికి ఎరుపు.

దడి ఆయుష్షు ఏడాదో రెండేళ్లో. వేసవిలో పాత కంప పీకి పొయ్యిలోకి వాడుకుని, కొత్తది కట్టుకునేవారు. అది పాడైపోయే వస్తువనే అందరికీ తెలుసు గనక దానికి కోపతాపాలు లేవు. చిన్న కంత పడితే మరీ మంచిది! ఆ కంతలోంచే నిప్పూ, మజ్జిగా, కరివేపాకూ, కబుర్లూ అటూ ఇటూ వెళ్లేవి. వీధి అరుగు మగవాళ్ల కచేరీ అయితే, పెరటి దడి మన కచేరీ. అరుగు పోయిందని వ్యాసాలు రాసేవారున్నారు గాని, దడి పోయి ఆరడుగుల గోడ లేచినప్పుడు ఇద్దరు ఇల్లాళ్ల మధ్య తెగిపోయిన మాట గురించి రాసినవారు తక్కువ.

మూడోది పందిరి. మన జీవితంలో పందిరి లేని శుభకార్యం లేదు. పెళ్లికి పందిరిరాట వేసి పసుపూ కుంకుమా పెట్టి మొదలుపెడతాం. అయిదురోజుల పెళ్లిళ్ల కాలంలో వీధికి అడ్డంగా తాటాకు పందిళ్లు వేసేవారు. శ్రీరామనవమికి చలవపందిళ్లు వేసి పానకం, వడపప్పు పంచే అలవాటు మన బెజవాడలో ఇంకా పోలేదు. ఇక్కడి ఎండల ధాటికి ‘బ్లేజ్‌వాడ’ అని పేరు పెట్టారు మరి! తాటాకు నీడ రేకుల నీడలాంటిది కాదు. ఆకుల మధ్యనుంచి గాలి ఆడుతుంది, వేడి కిందికి దిగదు.

పందిరికి కూడా ఒక క్రమం వుంది. పంగ వున్న రాటలు, పంగలో పడుకునే వాసం, దానిమీద వెదుర్లు, పైన ఆకు. వేసవి పందిరిని మృగశిర కార్తెకు, అంటే జూన్ రెండోవారానికల్లా విప్పేసేవారు. తడిసిన ఆకు బరువుకూ ఈదురుగాలికీ పందిరి తాను పడిపోవడమే కాకుండా ఇంటి చూరునూ లాక్కుపోతుంది. పెరట్లో బీర, కాకర, చిక్కుడు పందిళ్లు, బావి దగ్గర సన్నజాజి పందిరి ఇల్లాలి చేతిమీద నడిచేవి. స్నానాల నీళ్లు అటు మళ్లేవి. కూరగాయల ఖర్చు కొంత తగ్గేది. ఇది ఇల్లాలి సంపాదన కింద ఎవరైనా లెక్క వేశారా?

మరి ఇవన్నీ ఎందుకు పోయాయి? సిమెంటు వచ్చింది గనక అనడం సగం నిజం. ఆంధ్రా సిమెంటు కంపెనీ 1936లో ఏర్పడి కృష్ణ అవతల తాడేపల్లిలో ఫ్యాక్టరీ నడిపింది. దాబా ఇల్లు హోదా అయింది. కాని భయం కూడా వుంది. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్ఫయివేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలకు పైగా పోయారు. తాటాకు కప్పు ఎగిరిపోవడం, మట్టిగోడ కరిగిపోవడం కళ్లారా చూసినవారు గట్టి కప్పు కోరుకోవడం తప్పెలా అవుతుంది? వేసవిలో పూరిళ్లు అంటుకోవడం మరో భయం. ఇంకో కారణం కూడా వుంది, దాన్ని మనమే చెప్పాలి. రోజూ అలకడంతో నడుము విరిగిన ఆడవాళ్లు సిమెంటు గచ్చును సంతోషంగా ఆహ్వానించారు. ఆ సంతోషాన్ని చిన్నచూపు చూసే హక్కు ఏనాడూ పేడ కలపనివారికి లేదు.

కాబట్టి మళ్లీ తాటాకు ఇళ్లకు వెళదామని నేను అనడం లేదు. పాత ఇల్లు ఇంకా చేతిలో వున్నవారు దాన్ని తెలిసి బాగుచేసుకోండి అంటున్నాను. గానుగసున్నంతోనో మట్టితోనో కట్టిన అరుగుమీద సిమెంటు పూత పూయించకండి. సున్నానికి గాలి పీల్చే గుణం వుంది. లోపలి తడి దానిలోంచి బయటికి ఆరిపోతుంది. సిమెంటు ఆ తడిని లోపలే బంధిస్తుంది, అది గోడలోకి ఎక్కి పెచ్చులూడుతుంది. సున్నంతో చేసినదాన్ని సున్నంతోనే మరమ్మతు చేయించాలి. అరుగుకు వీధివైపు నాలుగడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు వుండాలి. స్తంభం మొదలు కుళ్లితే మొత్తం మార్చనక్కరలేదు. పనివచ్చిన వడ్రంగి కుళ్లినమేర కోసి, గట్టి కలప అతుకు వేయగలడు. స్తంభం చుట్టూ గచ్చు పోయించి దిమ్మను పూడ్చేయకండి. తీగ పందిరిని గోడకు జానెడు ఎడంగా వేయించండి, ఆకుల తడి గోడకు తగలకూడదు. ఇనప పందిరయితే ముందు రెడ్ ఆక్సైడు, ఆపైన రంగు. కాగితంపూల తీగ బరువు ఎక్కువ, పాత స్తంభాలకు ఎక్కించకండి, జాజి చాలు.

ఈ పనులన్నిటికీ మంచి సమయం రోహిణి కార్తె లోపల. వానలు పడ్డాక చూస్తే దెబ్బ తగిలాక చూసినట్టే.

చివరిగా ఒక మనవి. ఇంట్లో పెద్దవాళ్లుంటే దడి ఎలా కట్టేవారు, సున్నంలో కరక్కాయ నీళ్లు ఎంత పోసేవారు, ఏ మట్టి అలకడానికి పనికొచ్చేది అని అడిగి ఒక నోటుబుక్కులో రాసుకోండి. రాజులు కట్టించిన కోటలకు శాసనాలున్నాయి. అరుగు అలికినవారికి, దడి కట్టినవారికి శాసనం లేదు. మనం రాసుకుంటేనే వుంటుంది.

సెలవు.