వాలాజా మసీదు: కష్టకాలంలో ఆసరా

ఎంత కష్టమొచ్చినా అల్లాహ్ కారుణ్యంపై ఆశ వదులుకోరాదని ఖురాన్ బోధిస్తుంది. మద్రాసు ముస్లింల చరిత్రలో ఆ విశ్వాసానికి గట్టి పరీక్షలే ఎదురయ్యాయి. ట్రిప్లికేన్‌లో 1795లో కట్టిన వాలాజా మసీదు వాటికి సాక్షి. నెల్లూరు సీమ దాకా ఏలిన ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా అప్పుల్లో కూరుకుపోయి ఆ ఏడాదే మరణించాడు. 1801లో పాలన ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. 1855లో నవాబు గులాం గౌస్ ఖాన్ సంతానం లేకుండా మరణించడంతో నవాబు పదవే రద్దయింది. రాజ్యం పోయినా మసీదు నిలిచింది. దాని నిర్వహణ నేటికీ నవాబుల వారసులైన ఆర్కాటు ప్రిన్స్ కుటుంబానిదే.

ఈ మసీదు నిర్మాణ సంవత్సరాన్ని పారశీక పద్యంలో పొదిగినవాడు నవాబు కొలువులోని హిందువు, రాజా మఖన్‌లాల్. ఆ సామరస్యం నేటికీ కొనసాగుతోంది. దేశ విభజన వేళ శరణార్థిగా సింధ్ నుంచి వచ్చిన దాదా రతన్‌చంద్ మైలాపూర్‌లో సూఫీదార్ సంస్థను స్థాపించారు. ఆ సంస్థకు చెందిన హిందూ సేవకులు దశాబ్దాలుగా రంజాన్ నెలలో వాలాజా మసీదులో ఉపవాసులకు ఇఫ్తార్ వడ్డిస్తున్నారు. అదే స్ఫూర్తితో 2015 డిసెంబరు వరదల్లో చెన్నై మసీదులు మతం అడగకుండా బాధితులకు ఆశ్రయమిచ్చాయి.