నిప్పురవ్వకు ముహూర్తం

పెట్రోలు ఇంజనులో పిస్టన్ పైకి వస్తూ గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది. ఆ నొక్కుడు పూర్తికావడానికి కాస్త ముందు ప్లగ్గు మొన దగ్గర నిప్పురవ్వ లేవాలి. తొందరపడి లేస్తే పైకి వస్తున్న పిస్టన్‌ను మంట ఎదురుగా కొడుతుంది, ఇంజను టకటకమంటుంది. ఆలస్యమైతే బండిని లాగాల్సిన బలం వేడిగా మారి సైలెన్సర్ దారిన పోతుంది. రవ్వను పుట్టించే చిక్కు ఇరవయ్యో శతాబ్దం తొలి పదేళ్లలోనే తీరింది. దానికి వేళ పెట్టే చిక్కు తీరడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. పాత కారుకు ప్రోగ్రామబుల్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చడమంటే ఆ డెబ్బై ఏళ్ల ప్రయాణాన్ని ఒక్క పూటలో ఆ బండి చేత చేయించడం.

1860లో ఫ్రాన్స్‌లో లెన్వా తన గ్యాస్ ఇంజనును కాయిల్ నుంచి వచ్చే విద్యుత్ రవ్వతోనే నడిపాడు. 1876 నాటి ఆటో ఇంజను మాత్రం మంటతో అంటుకునేది. డైమ్లర్ ఎర్రగా కాల్చిన గొట్టాన్ని నమ్ముకున్నాడు. గొట్టం మిశ్రమాన్ని అంటించగలదే కానీ వేళ పాటించలేదు. బాష్ కంపెనీలో హోనోల్డ్ 1902లో అధిక వోల్టేజీ మాగ్నెటోను తయారుచేశాక రవ్వకు లోటు లేకుండా పోయింది. వేళ మాత్రం డ్రైవరు చేతిలోనే ఉండేది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో స్టీరింగ్ చక్రం కింద దానికోసం ఒక మీట ఉంటుంది. వేగం పెరిగితే మీటను ఒకవైపు, తగ్గితే రెండోవైపు జరపాలి. దాన్ని వెనక్కి పెట్టడం మరచి హ్యాండిల్ తిప్పితే ఇంజను ఎదురు తన్నేది. అలా మణికట్లు విరిగినవారు ఆ రోజుల్లో చాలామందే ఉన్నారు.

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 క్యాడిలాక్ కార్లలోకి వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు లోకంలోని కార్లలో ఎక్కువ భాగం దాని మీదే నడిచాయి. మెకానిక్కులు ప్లాటినం పాయింట్లు అనే చిన్న స్విచ్ మూసుకున్నప్పుడు కాయిల్‌లో కరెంటు పారుతుంది. తెరుచుకోగానే ఆగిపోతుంది. అలా ఉన్నట్టుండి ఆగినందువల్లే కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. పాయింట్ల మధ్య రవ్వ ఎగిరి అవి కాలిపోకుండా కండెన్సర్ కాస్తుంది. పుట్టిన కరెంటును డిస్ట్రిబ్యూటర్‌లోని రోటర్ వంతులవారీగా ప్లగ్గులకు పంచుతుంది. వేళ సంగతి కాలక్రమంలో డ్రైవరు చేయి దాటి రెండు స్ప్రింగులకూ రెండు బరువులకూ చేరింది. వేగం పెరిగేకొద్దీ బరువులు బయటికి విచ్చుకుని రవ్వను ముందుకు జరుపుతాయి. యాక్సిలరేటర్ కొద్దిగానే తొక్కినప్పుడు మిశ్రమం పలచగా ఉండి నెమ్మదిగా మండుతుంది. అప్పుడు మరికొంత ముందుకు జరిపే పని, ఇంజను పీల్పుతో కదిలే వాక్యూమ్ డబ్బాది.

ఈ పాయింట్ల మాటకు ఇంకో అర్థమున్న ఊరొకటి బెంగాల్‌లో ఉంది. ఆ ఖరగ్‌పూర్‌లో 'పాయింట్లు' అనగానే ముందు గుర్తొచ్చేవి రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింట్లు. బెంగాల్ నాగపూర్ రైల్వేతో పుట్టిన ఊరు అది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా రైల్వే పనుల్లో స్థిరపడ్డాయి. ఫీలర్ గేజి, మైక్రోమీటరు వాళ్ల ఇళ్లలో కొత్త మాటలు కావు. ఆ ఊరికి పాత కారంటే ముందుగా అంబాసిడర్. అది పరాయి సరుకు కూడా కాదు. హౌరాకు కాస్త ఎగువన, హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1957 నుంచి 2014 దాకా తయారుచేసింది. ఒళ్లు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ది. దశాబ్దాలపాటు దాన్ని నడిపిన 1489 సీసీ పెట్రోలు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్. డీజిల్ అంబాసిడర్లకు రవ్వతో పనే లేదు కాబట్టి ఈ కథ పెట్రోలు బండ్లదే.

ఆ ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగినప్పుడు సెకనుకు 100 రవ్వలు కావాలి. సెకనులో వెయ్యో వంతు గడిచేలోగా క్రాంక్ 18 డిగ్రీలు తిరిగిపోతుంది. పాయింట్ల మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో సుమారు 40 శాతమే. క్యామ్ మీద రాసుకునే పాయింట్ల మడమ అరిగేకొద్దీ సందు మూసుకుపోయి, వేళ వెనకబడుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఇరుసు బుష్ అరిగితే నాలుగు సిలిండర్లకూ నాలుగు రకాల వేళలు వస్తాయి. స్ప్రింగులు సాగుతాయి, వాక్యూమ్ పొర చిరుగుతుంది. ఖరగ్‌పూర్ ఎర్రమట్టి దుమ్ము, వానాకాలపు చెమ్మ డిస్ట్రిబ్యూటర్ మూతలోకి చేరితే కరెంటు ప్లగ్గుకు పోకుండా పక్కదారి పడుతుంది. బండి 'మిస్సింగ్' కొట్టేది అందుకే. యాభై ఏళ్ల కిందటి డిస్ట్రిబ్యూటర్ కారఖానా నుంచి వచ్చిననాటి వేళనే పాటిస్తోందని నమ్మడం కష్టం.

1947లో ట్రాన్సిస్టర్ పుట్టాక పాయింట్ల పని దానికి అప్పగించే ప్రయత్నాలు సాగాయి. 1973 నాటికి క్రైస్లర్ తన అమెరికన్ కార్లన్నిటికీ పాయింట్లు లేని ఇగ్నిషన్ ఇచ్చింది. అయితే వేళ పెట్టేవి అప్పటికీ స్ప్రింగులూ బరువులే. 1977 ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడోలో ఆ పని మైక్రోప్రాసెసర్‌కు చేరింది. 1979లో వచ్చిన బాష్ వారి మోట్రానిక్ పరికరం ఇగ్నిషన్‌నూ పెట్రోలు ఇంజెక్షన్‌నూ ఒకే పెట్టెలో కలిపింది. స్ప్రింగు ఒక్క గీతనే గీయగలదు. ప్రాసెసర్ దగ్గర ఒక పట్టికే ఉంటుంది: ఒకవైపు వేగం, మరోవైపు ఇంజను మీది భారం, ఒక్కో గడిలో ఇన్ని డిగ్రీలని ఒక అంకె.

పాత కారుకు ఆ పట్టికను తగిలించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పాత డిస్ట్రిబ్యూటర్ తీసి అదే రంధ్రంలో ప్రోగ్రామబుల్ డిస్ట్రిబ్యూటర్ దించడం. హాలండ్ కంపెనీ వారి 123 ఇగ్నిషన్ ఈ రకం. రెండోది, క్రాంక్ పుల్లీకి పళ్ల చక్రం బిగించి సెన్సర్‌తో చదవడం. 36 పళ్లలో ఒకటి కావాలని తీసేసిన చక్రం ఫోర్డ్ కార్లలో వాడుకలోకి వచ్చింది. ఆ ఖాళీ ఎదురైనప్పుడల్లా క్రాంక్ ఎక్కడుందో ప్రాసెసర్ ఉన్న పెట్టెకు తెలుస్తుంది. అరిగిన ఇరుసుతో సంబంధం లేకపోవడం వల్ల ఖచ్చితత్వంలో రెండోదే మేలు. సామాన్య యజమానికి మాత్రం మొదటిదే మంచిది, ఎందుకంటే ఇంజనుకు ఎక్కడా గాటు పడదు.

అమర్చేముందు వాల్వుల సందులు, కంప్రెషన్, కార్బురేటర్ సరిచూడాలి. ఇంజనులోని జబ్బును ఇగ్నిషన్ నయం చేయలేదు. యాభయ్యో దశకపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది. నెగటివ్ ఎర్త్ కోసం చేసిన పరికరాన్ని అలాగే కలిపితే అది క్షణంలో కాలిపోతుంది. కాయిల్ మొదటి చుట్ట నిరోధం కొలవాలి. 3 ఓములుంటే 12 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు పారతాయి. పరికరం ఎంత తట్టుకోగలదో అంతలోనే ఉండాలి. ఉత్త రాగి ప్లగ్గు వైర్లు రేడియో గోల పుట్టించి ప్రాసెసర్‌ను తడబెడతాయి కాబట్టి నిరోధం ఉన్న వైర్లు వేయాలి. ఆ తర్వాత ఒకటో సిలిండరు కంప్రెషన్‌లో పైకొచ్చినప్పుడు రోటర్ ఎటు చూస్తోందో గుర్తుపెట్టి, కొత్తదాన్ని అదే దిక్కుకు దించాలి. రవ్వల వరస 1-3-4-2.

పట్టికను మొదట పాత స్ప్రింగుల గీత ప్రకారమే నింపడం మర్యాద. టైమింగ్ లైటుతో పుల్లీ మీది గుర్తు చూసి, పెట్టె చెప్పేదీ ఇంజను చేసేదీ ఒకటేనని తేల్చుకోవాలి. అక్కడి నుంచి ఒకటి రెండు డిగ్రీలే జరుపుతూ, భారం మీద టకటక వినబడితే వెంటనే వెనక్కి రావాలి. ఈ ఓపిక ఫలించేది నేటి పెట్రోలు దగ్గర. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆ టకటకను, అంటే నాకింగ్‌ను, బాగా ఓర్చుకుంటుంది. యాభయ్యో దశకపు పెట్రోలుకు కుదిర్చిన స్ప్రింగులకు ఆ సంగతి చెప్పే వీల్లేదు. పట్టికలో అంకె మారిస్తే చాలు. ఇథనాల్‌ను పాత రబ్బరు పైపులు తట్టుకోలేవు, వాటిని విడిగా మార్చాల్సిందే.

యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా నమోదుచేసే 2021 కేంద్ర నిబంధనలు ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా బండి అసలు రూపంలో ఉండాలంటున్నాయి. అందువల్ల తీసిన డిస్ట్రిబ్యూటర్‌కు నూనె రాసి, పాయింట్లు, కండెన్సర్‌తో సహా భద్రపరుస్తారు. కొత్త పరికరం దారిలో మొరాయిస్తే దాన్ని తీసి పాతదాన్ని అదే గుర్తుకు దించి ఇల్లు చేరవచ్చు.