చిగురు పన్ను నుంచి గంజాయి మూట దాకా

మత్తు వల్ల మన్యం నష్టపోవడం ఈనాటి మాట కాదు. మన తాతముత్తాతలకు జీలుగు కల్లు, తాటికల్లు సరుకు కాదు. పెళ్లికి, చావుకు, కొత్తల పండుగకు ఊరంతా కూర్చుని పంచుకునేది. బ్రిటిషు దొరలు దాన్ని రాబడిగా మార్చారు. అబ్కారీ చట్టంతో ఇంటికోసం కల్లు గీసుకోవాలన్నా పన్ను కట్టాల్సి వచ్చింది. మైదానం నుంచి గుత్తదారులు వచ్చారు. రంప మన్సబుదారు పైగా చిగురు పన్ను వేశాడు. ఒకవైపు పోలీసుల జులుం, మరోవైపు షావుకార్ల అప్పు. 1879 మార్చిలో రంప మన్యం తిరగబడింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటి వారు ముందు నిలిచారు. అణచడానికి ప్రభుత్వం పటాలాలను దింపాల్సి వచ్చింది.

నలభై ఏళ్లు దాటాక అల్లూరి సీతారామరాజు అదే కొండల్లో తిరిగి, తాగుడు మానమని, తగాదాలు ఊళ్లోనే పంచాయతీలో తీర్చుకోమని చెప్పాడు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగింది ఆ తర్వాతే. తాగుడులో పడిన ఊరు అప్పులోనూ పడుతుందని, అప్పులో ఉన్న ఊరు ఎవరినీ ఎదిరించలేదని ఆనాటి పెద్దలకు అనుభవమే.

గంజాయి మరో రకం ఉచ్చు. విత్తనం, పెట్టుబడి బయటి వ్యాపారివి. లాభమూ అతనిదే. భూమి, చాకిరీ, జైలు మనవి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడి నేరం రుజువైతే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్ల కఠిన జైలు, లక్షకు తగ్గని జరిమానా. బెయిలు దొరకడమూ కష్టం. కూలికి మూట మోసిన కుర్రవాడికీ ఇదే చట్టం. 2021 చివర్లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికించారు.

మూటలు మోసిన దారిలో అలవాటూ దిగుతుంది. 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో 3.1 కోట్ల మంది గంజాయి, భంగు వంటివి వాడుతున్నారు. మద్యం తాగేవారు 16 కోట్లు. చిన్న వయసులో గంజాయి మొదలుపెడితే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరికి మతి చలిస్తుంది. మానాలనుకున్నా నిద్ర పట్టదు, చిరాకు పుడుతుంది. అందుకే ఒక్కడే మానడం కష్టం.

మాస్టారూ, బడి మానేస్తున్న పిల్లవాణ్ణి తిట్టే ముందు కూర్చోబెట్టి అడగండి. 14446కు ఉచితంగా ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. కొద్దిపాటి గంజాయితో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళ్లి దాన్ని పూర్తిచేస్తే, కేసు నుంచి రక్షణ కల్పించే నిబంధన అదే చట్టంలో ఉంది. ఆ మాట మన గూడేల్లో తెలియాలి.

తమ్ముళ్లారా, చిగురు పన్ను మన మీద బలవంతంగా పడింది. గంజాయి మూట మాత్రం మనం భుజానికెత్తుకుంటేనే కదులుతుంది. రేపు ఎవరైనా బయానా చేతిలో పెట్టబోతే, 1879ని గుర్తు చేసుకోండి.