డిచ్‌పల్లి దారిలో రెండవ మైలు



భిక్నూరు నుండి జాతీయ రహదారి వెంట ఉత్తరానికి సాగితే కామారెడ్డి, సదాశివనగర్, ఇందల్వాయి దాటాక డిచ్‌పల్లి వస్తుంది. నేటి యువతకు ఆ పేరు వినగానే తెలంగాణ విశ్వవిద్యాలయం స్ఫురిస్తుంది. దాని దక్షిణ ప్రాంగణం భిక్నూరులోనే ఉన్నది కదా! మా తరానికి మాత్రం డిచ్‌పల్లి అంటే కుష్ఠు దవాఖానా. నలుగురిలో ఆ పేరెత్తడానికే జంకేవారు.

దానికి మూలం డాక్టర్ ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ వైద్యురాలు. అబర్డీన్‌లో వైద్యవిద్య ముగించి, 1907లో భర్త రెవరెండ్ జార్జ్ కెర్‌తో కలిసి వెస్లియన్ మిషన్ పక్షాన నిజాం రాజ్యానికి వచ్చారు. మిషన్ వైద్యురాలిగా సాధారణ రోగులను చూసుకుంటే ఆమె విధి తీరినట్లే. కాని ఈ ప్రాంతంలో కుష్ఠు రోగులకు చికిత్స అనేదే లేకపోవడం ఆమెను నిలువనీయలేదు. 1911 నాటికి నిజామాబాద్‌లో వారి కోసం ఒక చిన్న కేంద్రం ఏర్పడింది. అది చాలకపోగా, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. దాని భవనాలకు ధనమిచ్చిన దాత నర్సాగౌడ్ హిందువు. సేవ ఒక మతానిది, సొమ్ము మరొక మతానిది. రోగి ఏ మతస్థుడో ఎవరూ అడగలేదనుకుంటాను.

రోమను సైనికుడు సామాన్యుణ్ణి పట్టి తన బరువు మోయించుకునే కాలంలో, ఒక మైలు రమ్మన్నవానితో రెండు మైళ్ళు నడువుమని క్రీస్తు బోధించినట్లు మత్తయి సువార్త చెబుతుంది. మొదటి మైలు నిర్బంధం, రెండవది ఇష్టపూర్వకం. ఆనాడు కుష్ఠు రోగికి గూడు, కూడు దొరికితే అదే మహోపకారం. ఆశ్రమాలు చాలావరకు అక్కడే ఆగేవి. కెర్ దంపతులు ఆగలేదు. కలకత్తాలో డాక్టర్ మ్యూర్ మెరుగుపరచిన హైడ్నోకార్పస్ నూనె సూదిమందును డిచ్‌పల్లికి తెచ్చారు. ఆ సూది బాధాకరం, నెలల తరబడి పదే పదే వేయాలి. ఫలితమూ అందరిలో ఒకేలా ఉండేది కాదు. అయినా చనిపోవడానికి వచ్చే చోటు, నయం కావడానికి వచ్చే చోటుగా మారింది. 1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. 1932లో కన్నుమూశారు.

అదే డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో, 1940ల చివర నైజీరియాలో డాప్సోన్‌ను చిన్న మోతాదులో నోటి ద్వారా ఇవ్వవచ్చునని నిరూపించినవారిలో ఒకరు. మెదక్ చర్చిని చూడటానికి ఎందరో వెళతారు. ఈ చరిత్ర కోసం డిచ్‌పల్లిలో ఆగేవారు అరుదు.

ఇక నా సంగతి. ప్రభుత్వ వైద్యుడిగా నేను మాత్రలిచ్చి, కార్డు నింపి, కోర్సు ముగియగానే 'నయమైంది' అని వ్రాసేవాణ్ణి. అది నా మొదటి మైలు. అలా వ్రాసిన ఒక పెద్దాయన కొన్నేళ్ళకు అరికాలి పుండుతో తిరిగి వచ్చాడు. సూక్ష్మజీవి చచ్చింది కాని, మొద్దుబారిన పాదానికి స్పర్శ తిరిగి రాలేదు. ముల్లు దిగినా ఆయనకు తెలియలేదు. చెప్పులు విప్పించి పాదం చూడమని నన్నెవరూ ఆదేశించలేదు, నేనూ చూడలేదు. ఆ రోజు నుండి చూడటం మొదలుపెట్టాను. ఆలస్యంగానే.

మీ ఇంట్లో గాని, పొరుగున గాని ఎవరికైనా స్పర్శ లేని పాలిపోయిన లేక ఎర్రని మచ్చ ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి. బహుళ ఔషధ చికిత్స ఉచితం. వ్యాధి రకాన్ని బట్టి ఆరు నెలలు లేక ఏడాది వాడాలి. చికిత్స ముగిసినా కాలికి స్పర్శ లేనివారు ప్రతి రాత్రి పాదాలను పరిశీలించుకోవాలి. చన్నీటిలో ఇరవై నిమిషాలు నానబెట్టి, గట్టిపడిన చర్మాన్ని మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరినూనె పూయాలి. చూపు ఆననివారికి ఆ పాదాలను మరొకరు చూసిపెట్టాలి.