రైడింగ్ లాన్‌మోవర్

రైడింగ్ లాన్‌మోవర్ అనగా కూర్చొని నడుపుతూ పచ్చికను కత్తిరించే యంత్రం. ఇళ్ళ చుట్టూ విశాలమైన పచ్చిక ఉండే అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా దేశాలలో దీని వాడకం ఎక్కువ. అక్కడ స్థిరపడి సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగువారిలో కొందరికి కూడా ఇది పరిచితమే. చూడటానికి బుల్లి ట్రాక్టరులా ఉండటం వలన దీనిని ఆటబండిగా భావించేవారు ఉన్నారు. ఇది ఆటబండి కాదు.

== నిర్మాణం, రకాలు ==
యంత్రం అడుగున డెక్ అనే లోహపు మూత, దాని క్రింద గిరగిర తిరిగే బ్లేడులు ఉంటాయి. అమెరికా ప్రమాణాల ప్రకారం బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు మించరాదు. ఇది గంటకు దాదాపు 347 కిలోమీటర్లు. ఇంత వేగంతో తగిలిన గులకరాయి చాలా దూరం ఎగిరిపోయి మనిషిని గాయపరచగలదు. అందుకే గడ్డి బయటకు వచ్చే ప్రక్కద్వారానికి అడ్డురేకు అమరుస్తారు. గడ్డి ఇరుక్కుంటున్నదని ఆ రేకును తీసివేయరాదు.

ఇంజను వెనుక ఉండే చిన్న రైడర్, ఇంజను ముందుండే లాన్ ట్రాక్టర్, ఉన్నచోటనే తిరగగల జీరో-టర్న్ మోవర్ ముఖ్యమైన రకాలు.

== భద్రతా ఏర్పాట్లు ==
వీటిలో మొదటిది సీటు స్విచ్. బ్లేడులు తిరుగుతుండగా నడిపే వ్యక్తి సీటు నుండి లేస్తే ఇంజను ఆగిపోతుంది. బ్రేకు తొక్కి, బ్లేడులను విడదీస్తే తప్ప ఇంజను మొదలు కాకుండా మరొక ఏర్పాటు ఉంటుంది. గతుకులలో సీటు ఎగిరి ఇంజను ఆగుతున్నదని కొందరు సీటు స్విచ్‌ను తీగతో కలిపివేస్తారు. అటువంటి యంత్రం నుండి మనిషి క్రింద పడినా బ్లేడు ఆగదు.

నెట్టుకుంటూ వెళ్ళే మోవర్లలో పిడి వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగిపోవాలన్న అమెరికా కేంద్ర ప్రభుత్వ నియమం 1982లో అమలులోకి వచ్చింది. ఈ నియమం రైడింగ్ మోవర్లకు వర్తించదు. ఇవి తయారీదారులు స్వచ్ఛందంగా పాటించే ప్రమాణాలకు లోబడి తయారవుతాయి. కనుక కొనేవారే జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంటుంది.

=== వెనుకకు నడపడం ===
అత్యంత ఘోరమైన ప్రమాదాలు యంత్రం వెనుకకు నడుస్తున్నప్పుడు జరుగుతాయి. బాధితులు తరచుగా ఆ ఇంటి పసిపిల్లలే, నడిపేది తండ్రో తాతో. బిడ్డ ఇంట్లోనే ఉన్నదనుకుంటారు. ఇంజను మోతలో కేక వినబడదు. ఇంతకు ముందు ఒడిలో కూర్చోబెట్టుకొని త్రిప్పిన పిల్లలు మోత వినగానే మళ్ళీ ఎక్కడానికి పరుగెత్తుకొని రావచ్చు. పిల్లలను ఎక్కించుకోరాదని చెప్పడానికి ఇదొక బలమైన కారణం.

అందువలన రివర్స్ గేరు వేయగానే బ్లేడులు లేదా ఇంజను ఆగిపోయే ఏర్పాటు ప్రవేశపెట్టబడింది. అవసరమైతే తాళంచెవి త్రిప్పి గాని, మీట నొక్కి గాని దీనిని తాత్కాలికంగా నిలిపివేయవచ్చు. ఆ మీట నడిపేవారి వెనుక ఉంటే, దాని కొరకైనా వెనుకకు తిరిగి చూస్తారని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2001లో సూచించింది. 16 ఏళ్ళలోపు వారు రైడింగ్ మోవర్ నడపరాదని కూడా ఆ సంస్థ చెప్పింది.

=== వాలు నేలలు ===
వాలుపై యంత్రం బోల్తా పడవచ్చు. సాధారణంగా 15 డిగ్రీలకు మించిన వాలుపై నడపవద్దని తయారీదారులు హెచ్చరిస్తారు. ఇది 100 అడుగుల దూరానికి దాదాపు 27 అడుగుల ఎత్తు. లాన్ ట్రాక్టరును వాలుకు అడ్డంగా కాక, పైకీ క్రిందికీ నడపాలి. నెట్టుడు మోవరుకు నియమం దీనికి సరిగ్గా వ్యతిరేకం. జీరో-టర్న్ మోవరు వెనుక చక్రాల వేగంలోని తేడాతో మలుపు తిరుగుతుంది. తడిగడ్డిపై ఆ చక్రాలు జారితే దిశపై అదుపు కూడా పోతుంది. వీటిలో కొన్నింటికి రోల్‌బార్ ఉంటుంది. అది నిలబెట్టి ఉన్నప్పుడు సీటుబెల్టు తప్పక పెట్టుకోవాలి, మడిచి ఉన్నప్పుడు పెట్టుకోరాదు.

== ఎంపిక ==
పచ్చిక అర ఎకరం, అనగా 50 సెంట్లు, లోపు ఉంటే నెట్టుడు మోవరే చాలు. అంతకు మించితే 42 అంగుళాల డెక్ గల లాన్ ట్రాక్టర్ చాలామందికి సరిపోతుంది. కొనేముందు పెరటి గేటు వెడల్పు కొలుచుకోవడం మంచిది. డెక్ పట్టక తిప్పలు పడేవారున్నారు. చెట్లు, పూలమడులు ఎక్కువగా ఉన్న సమతల నేలకు జీరో-టర్న్ అనువైనది. వాలు నేలకు మాత్రం, దుకాణదారు ఎంత పొగిడినా, అది తగినది కాదు. బ్యాటరీతో నడిచే యంత్రాలకు పెట్రోలు బెడద లేకపోయినా బ్లేడు ప్రమాదం అంతే.

పాత యంత్రం కొనేటప్పుడు ధర మాట్లాడే ముందే సీటు స్విచ్‌ను పరీక్షించాలి. చుట్టుప్రక్కల ఎవరూ లేని చదునైన చోట ఇంజను నడిపి, బ్లేడులు కలిపి, క్రిందికి దిగకుండా సీటు నుండి కొద్దిగా పైకి లేవాలి. ఇంజను ఆగకపోతే స్విచ్ చెడిపోయి ఉండాలి, లేదా ఎవరో దానిని తీగతో కలిపివేసి ఉండాలి. తరువాత బ్లేడులు తిరుగుతుండగా రివర్స్ గేరు వేసి చూడాలి. మరీ పాత నమూనాలలో ఈ రెండవ ఏర్పాటు అసలు ఉండకపోవచ్చు.