టాక్సీ డ్రైవరు లైసెన్సు: పాత శిక్షల లెక్క

1897 సెప్టెంబరు 10వ తేదీన లండను నగరమునందలి న్యూ బాండు వీధిలో విద్యుచ్ఛక్తితో నడచు ఒక బాడుగ బండి దారి తప్పి ఒక భవనమును ఢీకొన్నది. దానిని నడుపుచున్నవాడు ఇరువదియైదేండ్ల యువకుడు. త్రాగియున్న మాట నిజమేయని న్యాయస్థానమున ఒప్పుకొని అతడు జరిమానా చెల్లించెను. మోటారు బండిని త్రాగి నడిపినందుకు ఇంగ్లండులో శిక్షపడిన మొదటివానిగా అతనిని పేర్కొనుట వాడుక. విద్యుత్ బండ్లు ఆ నగరమున బాడుగకు తిరుగనారంభించి అప్పటికి నెల దినములైనను కాలేదు. టాక్సీ యను పేరు కూడ అప్పటికి లేదు. బాడుగను లెక్కించు టాక్సీమీటరు 1907లో లండనులో విధిగా అమలునకు వచ్చిన కాలమున ఆ పేరు స్థిరపడినది.

జరిమానా చెల్లించినవాడు మరునాడు మరల బండి నెక్కి, తన్నెరుగని బాటసారులను కూర్చుండబెట్టుకొని పోవచ్చునా? న్యాయస్థానము నేరమునకు శిక్ష వేయును. ఆ మనిషిని మరల నమ్మి ప్రయాణికుల నప్పగింపవచ్చునా యనునది వేరొక ప్రశ్న. దానికి జవాబు చెప్పు అధికారము ఇంగ్లండులో స్థానిక సంస్థల చేతిలో పెట్టబడినది. అది ఎట్లు జరిగినదో చూతము.

తొలినాళ్ళలో పాలకుల దృష్టియంతయు బండ్ల సంఖ్యమీదనే గాని బండివాని నడతమీద లేదు. బాడుగ బండ్లు వీధులను పాడుచేయుచున్నవనియు, రాజునకును ప్రభువులకును దారి కడ్డమగుచున్నవనియు మొదటి ఛార్లెసు 1635లో ఒక ప్రకటన వెలువరించెను. 1662లో లండనునకు నాలుగు వందల బండ్లే చాలునని చట్టము చేసిరి. 1831లో ఈ సంఖ్యానియమము తొలగిపోయెను. బండ్లు పెరిగినకొలది తోలువాని సంగతి ముందుకు వచ్చెను. 1838, 1843 సంవత్సరముల చట్టములతో లండనులో బండివానికే లైసెన్సును, అంకె వేసిన లోహపు బిళ్ళయు వచ్చినవి. 1850 మొదలు ఆ పని పోలీసుల వశమై, 2000 సంవత్సరమున లండను రవాణా సంస్థకు చేరువరకు వారియొద్దనే యుండెను.

లండను వెలుపలి పట్టణములకు 1847లో చేసిన పట్టణ పోలీసు నిబంధనల చట్టము మూలాధారము. 1875 నాటి ప్రజారోగ్య చట్టము దానిని నగర పాలక ప్రాంతములన్నిటికి వ్యాపింపజేసినది. ఈ 1847 చట్టమును మనము కొంచెము తీరికగా చదువవలెను. త్రాగి తోలినను, అడ్డూ ఆపూ లేని వేగముతో తోలి ఇతరుల ప్రాణమునకో సొత్తునకో అపాయము తెచ్చినను బండివానికి జరిమానా. అది సామాన్యమే. విశేషము లైసెన్సు పత్రము విషయమున కలదు. బండివాడు కొలువులో నున్నంతకాలము ఆ పత్రము బండి యజమాని దగ్గర ఉండవలెను. బండివానిపై ఫిర్యాదు వచ్చినపుడు యజమాని దానిని న్యాయాధికారి యెదుట పెట్టవలెను. నేరము రుజువైనచో, నేరమెట్టిదో, జరిమానా యెంతయో న్యాయాధికారి ఆ పత్రముమీదనే వ్రాయును. రిజిస్టర్లును, కంప్యూటర్లును లేని ఆ దినములలో బండివాని గతమంతయు ఆ కాగితములోనే యుండెడిది. క్రొత్త యజమానికి పరిచయము చేయునదియు అదియే.

మరియొక నిబంధన ఇంకను ఆలోచింపదగినది. అట్టి నేరమునకు రెండవసారి శిక్షపడినపుడు లైసెన్సును నిలుపుదల చేయుటకో, రద్దుచేయుటకో పట్టణ పాలకుల కధికారము కలదు. మొదటి తప్పు కాగితముమీద నిలుచును గాని కూటికి ఎసరు పెట్టదు, రెండవది పెట్టవచ్చును. ఎంత చదువురాని బండివానికైనను తాను ఎక్కడ నిలిచియున్నాడో తెలియు నియమమిది. ఆ తరువాత వచ్చిన ఏ నియమమునకును ఈ స్పష్టత రాలేదని మా అభిప్రాయము.

మన ప్రాంతమునకు ఇది బొత్తిగా పరాయి కథ కాదు. జట్కా మొదలగు బాడుగ బండ్లకొరకు మద్రాసు రాజధానిలో 1911లో చేసిన చట్టము ఇట్టి ఆంగ్ల చట్టముల కోవకు చెందినదే.

మోటారు వచ్చిన పిదప ఇంగ్లండులో కాగితములు రెండైనవి. 1903 నాటి మోటారుకారు చట్టముచే 1904 జనవరి నుండి మోటారు నడుపు ప్రతివానికిని లైసెన్సు కావలసివచ్చెను. శిక్షలను దానిమీద వ్రాయుటయు అప్పుడే వచ్చినది. గుఱ్ఱపు బండివాని కాగితముపై మొదలైన ఆచారము దొరలకును తప్పలేదు. ఇట్లు బండి నడుపుటకొక లైసెన్సు, బాడుగకు జనులను ఎక్కించుకొనుటకు మరియొక లైసెన్సు. మొదటిదానిని న్యాయస్థానము తీసివేయగలదు. రెండవది స్థానిక మండలి చేతిలోనిది.

1976లో వచ్చిన స్థానిక ప్రభుత్వ చట్టము ఈ రెండవ లైసెన్సునకు క్రొత్త కొలత తెచ్చినది. దరఖాస్తుదారు తగినవాడు, యోగ్యుడు అని మండలికి తృప్తి కలుగనిదే లైసెన్సు ఈయరాదు. తగినవాడనగా ఎవడో చట్టము చెప్పలేదు. ఇచ్చిన లైసెన్సును రద్దుచేయుటకు మోసము, అసభ్యత, దౌర్జన్యము మొదలగు నేరములను పేర్కొన్నారు గాని, అతివేగము వంటి సామాన్య మోటారు నేరముల పేరెత్తలేదు. అవన్నియు "సహేతుకమైన మరే కారణము" అను మాటలో ఇమిడిపోవలెను. టాక్సీవాని చట్టములో టాక్సీవాడు నిత్యము చేయగల తప్పు పేరే లేకపోవుట వింతగా తోచును. ఆ ఖాళీని పూరించుటకు ప్రతి మండలియు తన విధానమును తాను వ్రాసికొన్నది. ఇంగ్లండులో ఇట్టి సంస్థలు రెండున్నర వందలకు పైగా నుండగా, ఒక పట్టణమున త్రోసివేయబడినవాడు పొరుగు పట్టణమున లైసెన్సు పొందుట అసాధ్యము కాదు.

అసలు చిక్కు 1982లో తప్పుల మార్కుల పద్ధతి వచ్చినపుడు బయలుపడినది. ఈ పద్ధతిలో మూడేండ్లలోని నేరములకు పండ్రెండు మార్కులు చేరినవానిని కనీసము ఆరు నెలలు బండి నడుపకుండ నిషేధింతురు. అయితే దానివలన అసాధారణమైన కష్టము కలుగునని రుజువు చేసినచో మేజిస్ట్రేటు నిషేధింపకుండ విడువవచ్చును. టాక్సీ డ్రైవరు ఏమని మొరపెట్టుకొనును? తన జీవనాధారము పోవునని, ఆలుబిడ్డలు పస్తులుందురని. మేజిస్ట్రేటు కనికరించి విడిచిపుచ్చెననుకొందము. అతడు ఊపిరి పీల్చుకొని యింటికి రాగా మండలి కబురు వచ్చును. ఆ మండలి యెదుట అదే మొర వినబడదు. 2002లో లీడ్స్ నగర మండలి వ్యాజ్యములో హైకోర్టు, డ్రైవరు స్వంత కష్టసుఖములు లైసెన్సు విషయమున పరిగణింపదగినవి కావని తేల్చినది. ఆ వ్యాజ్యము మోటారు నేరమునకు సంబంధించినది కాదు గాని సూత్రమొక్కటే: లైసెన్సు ఉన్నది ప్రయాణికుని రక్షణకు. చాలకాలము క్రిందటి శిక్షలను మరచు చట్టమొకటి 1974లో వచ్చినది గాని, 2002 సవరణతో టాక్సీవానికి ఆ మరపు కూడ పూర్తిగా దక్కలేదు.

ఇది కఠినమే. అయినను వెనుక సీటులో కూర్చున్న వృద్ధురాలి పక్షమున ఆలోచించినచో మాకు తప్పుగా తోచదు. బండి నడుపువానిని ఎన్నుకొనునది ఆమె కాదు. అతని పాత మార్కు లామె చూడలేదు. ఆమెకు బదులు చూడవలసినది మండలియే. కాని చూచు కన్ను ఊరూర మారరాదు.

ఈ లోపమును దిద్దుటకై లైసెన్సు అధికారుల సంస్థ 2018లో సూచనలు చేసినది. 2020 జూలైలో రవాణాశాఖ చట్టబలముతో ప్రమాణములు ప్రకటించినది. వీనికి ముఖ్యకారణము బాలల రక్షణలో బయటపడిన ఘోరమైన లోపములే గాని రోడ్డు నేరములు కావు. ఇవి వానితో కలిసి వచ్చినవి. త్రాగి నడిపినవానికి శిక్షయో నిషేధమో ముగిసిన పిదప ఏడేండ్లు నిండనిదే లైసెన్సు కూడదు. చేత ఫోను పట్టుకొని నడిపినవానికి అయిదేండ్లు. ప్రాణనష్టము కలిగించిన నేరస్థునికి ఎన్నటికిని లేదు. లైసెన్సున్నవాడు ఏ మోటారు నేరములో చిక్కినను నలువదియెనిమిది గంటలలో మండలికి తెలుపవలెను. అయినను ఇవి త్రాసులో పెట్టవలసిన ప్రమాణములే. తగిన కారణము చూపి మండలి వీనినుండి తొలగవచ్చును. నిరాకరింపబడినవారి పేర్లు అన్ని మండలులకు తెలియునట్లు ఒకే పట్టికలో చేర్చవలెనని 2022 నాటి చట్టము విధించినది.

మండలి నిర్ణయముపై ఇరువదియొక్క దినములలో అప్పీలు చేసికొనవచ్చును. సాధారణముగా అప్పీలు తేలువరకు డ్రైవరు బండి నడుపుకొనవచ్చును. ప్రజల క్షేమమునకై వెంటనే ఆపవలసినదని మండలి తలచినపుడు మాత్రము, 2006 నాటి సవరణ ననుసరించి, ఆ సదుపాయము లేదు. ఆ అప్పీలు వినునది మేజిస్ట్రేటు కోర్టు. ఆలుబిడ్డల మొర విని నిషేధము తప్పించినదియు అట్టి కోర్టే. కాని అప్పీలుపీఠముపై కూర్చున్నపుడు ఆ మేజిస్ట్రేట్లు సైతము ఆ మొరను పక్కకు పెట్టవలసినదేయని 2011లో చెర్వెల్ మండలి వ్యాజ్యమున హైకోర్టు తీర్పు చెప్పినది.